ఒక్క అయ్యవారు, నిండిన బడి
విశాఖ సీమలో ప్రాథమిక విద్య: రెండు వందల ఏండ్ల లెక్క

బడి మాట వచ్చినప్పుడు మన ఇండ్లలో సాధారణముగా పిల్లవాడు చదివే తరగతిని గూర్చి, వానికి వచ్చిన మార్కులను గూర్చి అడుగుతాము. ఆ బడిలో ఉపాధ్యాయులు ఎందరు, ఒక్కొక్కరి ముందు కూర్చునే పిల్లలు ఎందరు అని అడిగేవారు అరుదు. కాని ప్రాథమిక విద్య చరిత్రను తిరగవేసి చూచినచో, ఈ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టియే మొదటిదాని జవాబు ఉంటూ వచ్చినదని తెలుస్తుంది. విశాఖపట్టణపు సీమ ఇందుకు చక్కని ఉదాహరణము. సముద్రతీరమున ఓడరేవు, దాని వెనుక కర్మాగారములు, వాటికి పడమట మన్యపు కొండలు గల ఈ ప్రాంతములో క్రిక్కిరిసిన బడియు ఉన్నది, ఒంటరి అయ్యవారి బడియు ఉన్నది. రెండింటి కథా ఒక్కటే.

ఈ కథను 1822వ సంవత్సరము నుండి చెప్పుకోవచ్చును. ఆ ఏడు జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, రాజధానిలోని జిల్లాలన్నింటిలో దేశీయ పాఠశాలలు ఎన్ని ఉన్నవో, వాటిలో ఎవరెవరు చదువుచున్నారో విచారించి తెలుపవలసినదని కోరారు. కలెక్టర్ల నివేదికలు ఒక్కొక్కటిగా చేరినవి. 1826 మార్చి 10న మన్రో వాటి సారమును క్రోడీకరించారు. మద్రాసు రాజధాని మొత్తములో 12,498 పాఠశాలలు, వాటిలో 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలినది. సగటున బడికి పదిహేనుగురు. విశాఖపట్టణము జిల్లాలో 914 బడులు, 9,715 మంది పిల్లలు. అనగా బడికి పదునొకండుగురైనా లేరు. నాటి విశాఖ జిల్లా నేటి విజయనగరము జిల్లాను, శ్రీకాకుళములో కొంత భాగమును కలుపుకొన్న విశాలమైన సీమ అని గుర్తుంచుకోవాలి.

ఆ బడులకు ప్రత్యేకముగా కట్టడములు లేవు. ఊరిలో ఎవరో ఒక గృహస్థు ఇంటి వీధి అరుగే బడి. క్రొత్తగా చేరిన పిల్లవాడు ఇసుక మీద వ్రేలితో ఓనమాలు దిద్దేవాడు. అవి వచ్చిన తరువాత గుణింతములు, ఎక్కములు, తాటాకుపై గంటముతో వ్రాత. ముందుగా నేర్చిన పెద్ద పిల్లలు క్రొత్తవారికి నేర్పేవారు; నేర్పుతూ తాము నేర్చినది గట్టిపరచుకొనేవారు. అయ్యవారి జీతము పిల్లల తండ్రులిచ్చే నాలుగణాలు, ఎనిమిదణాలు. పండుగలకు ధాన్యమో, బట్టలో ముట్టేవి. దసరాలలో పిల్లలు విల్లంబులు పట్టుకొని ఇంటింటికి తిరిగి ఆయనకు కానుకలు కూర్చేవారు. ఇన్ని కలిసినా ఉపాధ్యాయుని రాబడి నెలకు ఆరేడు రూపాయలకు మించదనియు, అంత స్వల్పాదాయమునకు తగిన యోగ్యులు దొరకరనియు మన్రో స్వయముగా వ్రాశారు.

ఇది చదివి ఆ కాలము బంగారు కాలమని మురిసిపోవడానికి వీలులేదు. ఆ 1,88,650 మందిలో బాలికలు 4,540 మంది మాత్రమే. అంటరానివారని దూరముగా ఉంచబడిన కులముల పిల్లలకు ఆ అరుగు అందుబాటులో లేదు. మన్యపు కొండలలో అరుగే లేదు. ఇంటివద్ద చదివేవారిని కూడ కలుపుకొన్నా, బడియీడు మగపిల్లలలో మూడవ వంతుకు దగ్గరగా మాత్రమే చదువుచున్నారని మన్రో అంచనా. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో మరియొక లోపమును కూడ చూపారు. వాడుకలో లేని కావ్యభాషలోని పద్యములను పిల్లలు అర్థము తెలియకుండ వల్లె వేస్తున్నారని ఆయన ఆక్షేపణ. కనుక నాటి బడి చిన్నదిగా ఉండడానికి కొంత కారణము, బయట నిలబెట్టబడినవారు అధికముగా ఉండడమే. అయినను ఒక్క సత్యము నిలుస్తుంది: లోపల ఉన్న పిల్లవానికి అయ్యవారి దృష్టి దక్కేది.

ఈ అరుగుబడి పద్ధతి అప్పటికే సముద్రములు దాటినదంటే ఆశ్చర్యము కలుగుతుంది. మద్రాసులోని ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కొరకు నడచిన శరణాలయమునకు ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789లో అధ్యక్షుడైనాడు. దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుకొనడము చూచి, ఆ పద్ధతిని తన శరణాలయములో ప్రవేశపెట్టినాడు. పెద్ద బాలురచేత చిన్నవారికి చదువు చెప్పించినాడు. 1797లో లండనులో ఆ ప్రయోగమును గూర్చి పుస్తకము ప్రకటించినాడు. అది ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతోనే ప్రసిద్ధికెక్కినది. జోసెఫ్ లాంకాస్టరు అనే మరియొక ఉపాధ్యాయుడు, ఇటువంటి ఏర్పాటుతో ఒక్క గురువు వేయిమందికి చదువు చెప్పగలడని చాటినాడు. మన దేశీయ పద్ధతిని ఇంగ్లండు అనుకరించుట తగియున్నదని కాంప్‌బెల్ తన నివేదికలో మెచ్చుకొన్నాడు.

ఇక్కడ జరిగిన మార్పు గమనింపదగినది. మన అరుగు మీద పెద్దపిల్లవాడు పదిమందిలో ఒకడు. అయ్యవారు అదే అరుగు మీద, పిలిస్తే పలికే దూరములో ఉండేవారు. ఇంగ్లండులో అదే పద్ధతి వందలమంది పిల్లలను ఒక్క జీతముతో నెట్టుకొనివచ్చే ఉపాయమైనది. చదువులో సాయము కొరకు పుట్టినది ఖర్చులో పొదుపు కొరకు వాడుకలోనికి వచ్చినది.

ఆ పొదుపు పద్ధతి కరిబియను సముద్రములోని చిన్న ద్వీపములకు కూడ వెళ్ళినది. 1834లో బ్రిటిషు వలసలలో బానిసత్వము రద్దయి, 1838 నాటికి పూర్తి స్వేచ్ఛ లభించినది. జమైకా, బార్బడోసు, ఆంటిగ్వా వంటి ద్వీపములలో నిన్నటివరకు బడి గడప తొక్కనివారి పిల్లలు వేలకొలదిగా బడి ముంగిట నిలిచారు. బ్రిటిషు ప్రభుత్వము 1835 నుండి 1845 వరకు కొంత ధనము మంజూరు చేసి, అటుపిమ్మట ఆ భారమును ద్వీపములకే వదలివేసినది. మైకో ధర్మనిధివారు ఉపాధ్యాయులను తయారుచేసే పాఠశాలలను నెలకొల్పారు గాని, పిల్లల వెల్లువకు అది చాలలేదు. పెద్ద పిల్లలచేత చదువు చెప్పించడము, తరువాత కొద్దిపాటి జీతముమీద 'విద్యార్థి ఉపాధ్యాయులను' నియమించడము ఒక శతాబ్దము దాటినా అక్కడ సాగినవి. 1938, 1939 సంవత్సరములలో ఆ ద్వీపములలో విచారణ జరిపిన మోయిన్ సంఘమువారికి కనబడినవి కిక్కిరిసిన గదులు, శిక్షణలేని ఉపాధ్యాయులు. తూర్పున మన తీరము, పడమట ఆ ద్వీపములు. పరిపాలించిన చేయి ఒకటే, పొదుపు సూత్రమూ ఒకటే.

మన సీమకు తిరిగి వద్దాము. మన్రో విచారణతో ఆగక ఒక ప్రణాళిక వేశారు. ప్రతి జిల్లా కేంద్రములో ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, ప్రతి తహసీలులో 9 రూపాయలు జీతమిచ్చి ప్రభుత్వ పాఠశాలలు నడపాలన్నది దాని సారాంశము. మంచి అయ్యవారు కావలెనన్న తగిన జీతమీయవలెనని గ్రహించిన ప్రణాళిక అది. 1827లో మన్రో కలరా వలన మరణించారు. ఆ బడులకు శ్రద్ధగా చూచేవారు కరువై, 1836 నాటికి ప్రభుత్వము వాటిని విడిచిపెట్టినది.

19వ శతాబ్ది ఉత్తరార్ధములో గ్రాంటుల విధానము వచ్చినది. పరీక్షాధికారి ఏడాదికొకమారు వచ్చి పిల్లలను పరీక్షించేవాడు. ఎందరు నెగ్గితే అంత గ్రాంటు. అయ్యవారి పొట్ట, పిల్లవాని కంఠపాఠము ఒకే త్రాటికి కట్టబడినవి. తరువాత 1884 నాటి చట్టముతో స్థానిక సంస్థలు బలపడి, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, పురపాలక సంఘములు ప్రాథమిక విద్యా భారమును మోసినవి. 1920లో వచ్చిన మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము, కావలసినచోట నిర్బంధ విద్యను ప్రవేశపెట్టడానికి, విద్యా పన్ను వేయడానికి వీలు కల్పించినది. బడులు పెరిగినవి, ఆడపిల్లలు, దళితుల పిల్లలు మెల్లమెల్లగా లోపలికి వచ్చారు. కాని బడులు పెరిగినంతగా ఉపాధ్యాయులు పెరగలేదు. చాలా గ్రామములకు దక్కినది ఏకోపాధ్యాయ పాఠశాల.

ఏకోపాధ్యాయ పాఠశాల అనగా ఏమిటో లెక్కవేసి చూతము. ఐదు తరగతులు, ఒక్క అయ్యవారు, పనిచేసే కాలము ఐదు గంటలు. తరగతికి దక్కేది ఒక గంట. ఆ గంటలోనే తెలుగు, లెక్కలు, తక్కిన పాఠములు. మిగిలిన నాలుగు గంటలు ఆ పిల్లలు పలక మీద ఏదో వ్రాసుకొంటూ, ప్రక్క తరగతి పాఠము చెవిని పడుతుండగా కూర్చోవాలి. అందరికంటె నష్టపోయేది ఒకటవ తరగతి పిల్లవాడు. తనంతట తాను చదువుకొనలేని వాడు వాడొక్కడే గదా. 1929లో హార్టాగ్ సంఘము ప్రకటించిన లెక్క ఈ స్థితిని కండ్లకు కట్టినది. 1922-23లో ఒకటవ తరగతిలో చేరిన ప్రతి నూరుమందిలో, 1925-26 నాటికి నాలుగవ తరగతికి చేరినవారు 18 మంది. తక్కిన 82 మంది మధ్యలో మానినవారో, ఉన్నచోటనే నిలిచిపోయినవారో. ఇది బ్రిటిషు ఇండియా మొత్తముపై లెక్క. ఏకోపాధ్యాయ బడి ఇందుకొక ముఖ్య కారణమని ఆ సంఘము ఎత్తిచూపినది.

ఈ లోపల విశాఖ మారిపోయినది. 1901లో నలుబది వేల జనముగల పట్టణమది. 1933లో రేవు తెరువబడినది. 1941లో ఓడల నిర్మాణశాలకు శంకుస్థాపన జరిగినది. 1948లో 'జల ఉష' అక్కడనే నీటిలోనికి దిగినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వెలసినది. 1951లో లక్షను కొంచెము దాటిన జనసంఖ్య 1961లో రెండు లక్షలను, 1971లో మూడున్నర లక్షలను, 1991లో శివార్లతో కలిపి పది లక్షలను దాటినది. పనికి వచ్చినవాడు మొదట ఒంటరిగా వచ్చినా, తరువాత ఆలుబిడ్డలను తెచ్చుకొంటాడు. రేవు చుట్టూ, మల్కాపురము వైపు, కంచరపాలెము వైపు పేటలు పెరిగినవి. ఓడకు ధక్కా కట్టినప్పుడు లెక్కవేసినంత ముందుచూపుతో, దానిని కట్టిన కూలీ పిల్లలకు ఎన్ని గదులు, ఎందరు ఉపాధ్యాయులు కావలెనో లెక్కవేయడము ఏ రేవు పట్టణములోను జరుగలేదు. 1971 జనవరిలో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిదప, దానికి భూములిచ్చిన పల్లెలు లేచిపోయి వడ్లపూడి, పెదగంట్యాడ, అగనంపూడి ప్రాంతములలో పునరావాస కాలనీలైనవి. పల్లె కదిలితే దాని బడి కూడ కదిలి, క్రొత్తచోట మరల మొదటినుండి నిలద్రొక్కుకొనవలసి ఉంటుంది.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆశ పెద్దదైనది. 1944లో సార్జెంటు ప్రణాళిక, దేశమంతటా సార్వత్రిక విద్యకు నలుబదేండ్లు పడుతుందని లెక్కవేసినది. 1950లో మన రాజ్యాంగము పదేండ్లు గడువిచ్చినది. అంతమంది పిల్లలకు ఉపాధ్యాయులు ఎక్కడ నుండి వస్తారు? ఈ చిక్కుకు 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ఒక ఉపాయము పన్నారు. గ్రామప్రాంతముల ప్రాథమిక పాఠశాలలలో ప్రతి పిల్లవానికి బడి రోజుకు మూడు గంటలే. ఉదయము ఒక జట్టు, తరువాత ఇంకొక జట్టు. మిగిలిన పూట పిల్లవాడు తండ్రి వృత్తి నేర్చుకోవాలి. ఇది కులవృత్తులను శాశ్వతము చేసే చదువని తీవ్రమైన నిరసన చెలరేగినది. 1953 అక్టోబరు 1 వరకు విశాఖ కూడ ఆ రాష్ట్రములోనిదే. 1954లో కామరాజు ముఖ్యమంత్రి కాగానే ఆ విధానము రద్దయినది. ఆంధ్రరాష్ట్రములోను అది నిలువలేదు. కులవివాదపు సందడిలో దాని వెనుకనున్న లెక్క మరుగున పడినది. ఒక్క ఉపాధ్యాయుని కూడ అదనముగా నియమించకుండ చదివేవారి సంఖ్యను రెట్టింపు చేయాలన్నదే ఆ లెక్క. విధానము పోయినది గాని ఆ ఆలోచన పోలేదు.

1959లో పంచాయతి సమితులు ఏర్పడి పల్లెబడులు వాటి అధీనములోనికి వచ్చినవి. 1980ల దశకములో నెలకు 398 రూపాయలకు ప్రత్యేకోపాధ్యాయులు వచ్చారు. వారిని జనము '398 టీచర్లు' అనియే పిలిచినది. జీతమే పేరైపోయిన ఉపాధ్యాయుని గౌరవమెంతటిదో వేరే చెప్పనక్కరలేదు. తరువాత కొంతకాలము విద్యా వలంటీర్లు వచ్చారు. 1986 జాతీయ విద్యావిధానమును అనుసరించి 1987లో ప్రారంభమైన నల్లబల్ల పథకము, ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని నియమించినది. వారిలో ఒకరు స్త్రీ అయితే మంచిదన్నది. రెండవ అయ్యవారిని ఇవ్వడానికి ఒక జాతీయ పథకము కావలసి వచ్చినదనిన, అప్పటివరకు ఎన్ని బడులు ఒంటరిగా ఉన్నవో ఊహించవచ్చును.

పడమటి కొండలలో చిక్కు వేరొకరీతిది. అక్కడ ఉపాధ్యాయుని పేరు కాగితము మీద ఉండేది, మనిషి బడిలో ఉండేవాడు కాదు. దారి కష్టము, చలిజ్వరముల భయము, పిల్లల భాష తెలియకపోవడము ఇందుకు కారణములు. ఈ మూడవదానిని ఎంతో ముందుగా గుర్తించినవారు గిడుగు వేంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ వారు సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. పిల్లవాని మాట తెలిసినవాడే వానికి తొలి గురువు కాగలడన్నది వారి నమ్మకము. దాదాపు అదే ఆలోచనతో ప్రభుత్వము 1986లోను, మరల 2000 జనవరిలో 3వ నంబరు ఉత్తరువు ద్వారాను, ఏజెన్సీ ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించినది. ఉపాధ్యాయులు బడికి రాకపోవడమును అరికట్టడము దాని ఉద్దేశములలో ఒకటి. నూటికి నూరు పాళ్ళు కేటాయించడము రాజ్యాంగసమ్మతము కాదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. ఉత్తరువు పోయినది, అది తీర్చబోయిన కొరత మాత్రము పాడేరు, అరకు కొండలలో ఇంకను సమాధానము కోరుతూనే ఉన్నది.

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రాథమిక తరగతులలో అరువదిమంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, ఆపైన ముప్పదిమందికి ఒకరు చొప్పున ఉండాలని అది విధించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉపాధ్యాయులను సర్దుబాటు చేయడానికి 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలలో కలిపే పద్ధతి వచ్చినది. 2025లో దానిని ఉపసంహరించి, తరగతికొక ఉపాధ్యాయుడుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పరచారు. అదే ఏడు 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన వెలువడినది. అయినను 2024-25 లెక్కల ప్రకారము దేశములో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉండగా, వాటిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నవి. సంఖ్యలో మన రాష్ట్రమే ప్రథమము.

నేటి ఏకోపాధ్యాయ బడి ఎట్లు తయారవుతున్నదో గమనించినచో ఒక విషవలయము కనబడుతుంది. ఒక్కరే ఉపాధ్యాయుడున్న బడిలో చదువు సాగదని తల్లిదండ్రులు పిల్లలను తీసి, అప్పుచేసియైనా పట్టణములోని రుసుముల బడికి పంపుతారు. బడిలో పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గినారు గనుక రెండవ ఉపాధ్యాయుడు అక్కరలేదని లెక్క తేలుతుంది. రెండవవాడు రాడు గనుక ఇంకా కొందరు వెళ్ళిపోతారు. చివరకు మిగిలేది ఎక్కడికీ పోలేని పేదవారి పిల్లలు. ఇటు పట్టణపు బడిలో ఇరుకు, అటు పల్లెబడిలో ఒంటరితనము. ఒకదానిని మరియొకటి పెంచుతున్నది.

1822లో విశాఖ సీమలోని తండ్రి తన నాలుగణాలు స్వయముగా అయ్యవారి చేతికిచ్చేవాడు. కనుక అయ్యవారు వచ్చినారా, చెప్పినారా అని అడిగే చనువు అతనికి ఉండేది. నేడు ఆ జీతము మనమందరము పన్నుల రూపమున ఇస్తున్నాము. అడిగే చనువును మాత్రము వదలుకొన్నాము. ఆ నాటి అరుగు కొందరిదే. ఈ నాటి బడి అందరిది. అరుగు మీది పదిమందికి దక్కిన గురుదృష్టి అందరి పిల్లలకు దక్కేటట్లు చేయడమే మిగిలిన పని. ఐదు తరగతులకు ఐదుగురు ఉపాధ్యాయులన్నది విలాసము కాదు. రోజుకు ఒక్క గంట చదువుకు, ఐదు గంటల చదువుకు మధ్యనున్న భేదమది. పాఠశాల కమిటీ సమావేశమైనప్పుడు, స్థానిక ఎన్నికలలో ఓటు కోరి ఎవరైనా మన గుమ్మములోనికి వచ్చినప్పుడు, మన ఊరి బడిలో తరగతులెన్ని, ఉపాధ్యాయులెందరని అడుగుదము. రెండు సంఖ్యలు సమానమయ్యేవరకు ఆ ప్రశ్న విడువరాదు.